విశ్వవిద్యాలయంలో బోధన నాణ్యతను ఎలా అంచనా వేయాలి?

నాణ్యత మాట ఎత్తగానే విశ్వవిద్యాలయాల్లో ముందు కదిలేవి ఫైళ్లు. వాటిని కాసేపు పక్కన పెట్టి, ఒక విభాగంలోని ఒక్క కోర్సుతో మొదలుపెట్టండి.

ముందు నాణ్యత అంటే ఏమిటో విభాగంలో అందరూ ఒక మాటకు రావాలి. లీ హార్వే, డయానా గ్రీన్ అనే పరిశోధకులు 1993లోనే దీనికి ఐదు అర్థాలు చూపించారు: విశిష్టత, లోపాలు లేకపోవడం, ప్రయోజనానికి తగి ఉండటం, ఖర్చుకు తగ్గ ఫలితం, విద్యార్థిలో వచ్చే మార్పు. ఐదింటినీ కలగలిపి చర్చిస్తే ఏదీ తేలదు. నన్నడిగితే చివరిదాన్నే పట్టుకోమంటాను.

తర్వాత, కోర్సు ముగిసేసరికి విద్యార్థి ఏమి చేయగలగాలో ఐదారు వాక్యాల్లో రాయండి. ‘అవగాహన కలుగుతుంది’ అని రాస్తే దాన్ని ఎవరూ కొలవలేరు. ‘ఇచ్చిన గణాంకాలను విశ్లేషించి తన నిర్ణయాన్ని సమర్థించుకోగలగాలి’ అంటే పరీక్షించవచ్చు.

ఇక పాత ప్రశ్నపత్రాలు తీయండి. ప్రతి ప్రశ్న పక్కన, అది ఆ వాక్యాల్లో దేనిని పరీక్షిస్తోందో గుర్తించండి. అసలు గుట్టు ఇక్కడే బయటపడుతుంది. సిలబస్ నిండా విశ్లేషణ, పత్రం నిండా నిర్వచనాలు! విద్యార్థి పత్రాన్ని చూసే చదువుతాడు; అందులో అతని తప్పేమీ లేదు. లక్ష్యాలు, బోధన, పరీక్ష ఒకదానికొకటి పొందికగా ఉండాలని విద్యా మనస్తత్వవేత్త జాన్ బిగ్స్ 1996లో చెప్పింది ఇందుకే. పనిలో పనిగా కొన్ని జవాబుపత్రాలను ఇద్దరు అధ్యాపకుల చేత విడివిడిగా దిద్దించండి. మార్కుల్లో తేడా ఎక్కువగా వస్తే, పిల్లల కంటే ముందు మూల్యాంకన ప్రమాణాలను సరిదిద్దాలి.

ఉత్తీర్ణత శాతం ఒక్కటే చూసి మురిసిపోవద్దు. పత్రం తేలికైనా అది పెరుగుతుంది. మధ్యలో చదువు మానేసినవారు ఎందరో, ఎందుకు మానేశారో కూడా చూడండి.

విద్యార్థుల అభిప్రాయాలు తప్పక తీసుకోండి, కానీ వాటితో అధ్యాపకులకు ర్యాంకులు కట్టకండి. ఎక్కువ రేటింగు వచ్చిన అధ్యాపకుడి దగ్గర విద్యార్థులు ఎక్కువ నేర్చుకుంటారన్న నమ్మకానికి ఆధారం లేదని, అనేక అధ్యయనాలను కలిపి పరిశీలించిన ఒక విశ్లేషణ 2017లో తేల్చింది. ‘పాఠం ఎలా ఉంది?’ అని అడగకుండా, ‘దిద్దిన పత్రం ఎన్నాళ్లకు చేతికొచ్చింది? తప్పెక్కడో తెలిసిందా?’ అని అడగండి. అదీ సెమిస్టర్ మధ్యలోనే. చివర్లో అడిగితే, చెప్పినవారికి ఆ మార్పు అందదు.

తేలిన లోపాల్లో ఒకటి రెండింటినే ఎంచుకోండి. ఎవరు, ఎప్పటిలోగా సరిచేయాలో రాసి, విద్యార్థులకూ చెప్పండి. మరుసటి ఏడాది అవే కొలమానాలతో మళ్లీ చూడండి.