తాడు దగ్గర మీటర్ మీ లెక్కకి ఒప్పుకోకపోతే ఏం చూడాలి

అంబత్తూరు నుంచి ఎన్నూరు దాకా చెన్నైలో ఫ్యాబ్రికేషన్ యార్డుల్లో నైట్ షిఫ్ట్ రేడియోగ్రఫీకి (రేడియేషన్‌తో వెల్డింగుల లోపలి ఫోటో తీసే పని) మన నెల్లూరు, శ్రీకాకుళం కుర్రాళ్ళు చాలామందే ఉన్నారు. సోర్స్ (రేడియేషన్ ఇచ్చే ముక్క) నుంచి దూరం రెండింతలైతే డోస్ రేట్ (గంటకి తగిలే రేడియేషన్) పావు వంతు, మూడింతలైతే తొమ్మిదో వంతు అని అందరికీ నోటికొచ్చు, కానీ ఎవరూ దాటి రాకుండా చుట్టూ తాడు కట్టి షాట్ (సోర్స్‌ని బయటికి పంపి ఫిల్మ్ తీయడం) మొదలెట్టాక రేడియేషన్ మీటర్ ఇంకేదో చూపిస్తుంది, అప్పుడు మీటర్ పాడైందిలే అనేసుకుంటారు. ఆ ఒక్క మాట దగ్గరే నాకు భయం, అందుకే ఇది రాస్తున్నా.

ముందు లెక్క. సోర్స్‌లో ఇరిడియం-192 ఒక క్యూరీ (సోర్స్ బలం కొలత) ఉంటే 1 మీటర్ దూరంలో గంటకి సుమారు 5 మిల్లీసీవర్ట్, అంటే 20 క్యూరీల సోర్స్‌కి 100 మిల్లీసీవర్ట్, అదే 1,00,000 మైక్రోసీవర్ట్. మా సైట్‌లో తాడు దగ్గర గంటకి 10 మైక్రోసీవర్ట్ దాటకూడదని ఆర్‌ఎస్‌ఓ (రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్) గారు పెట్టారు. 1,00,000 మైక్రోని 10తో భాగిస్తే 10,000, దాని వర్గమూలం 100, సో తాడు 100 మీటర్ల దగ్గర, కాలిమేటర్ (రేడియేషన్‌ని ఒకవైపుకే వదిలే అడ్డు) లేకుండా మధ్యలో ఏ అడ్డూ లేకుండా అయితే.

రీడింగ్ లెక్క కన్నా ఎక్కువ వస్తోంది

తాడు బయటే నిలబడి రెండు దూరాల్లో రీడింగ్ తీసుకుని, ఒక్కోదాన్నీ దూరంతో రెండుసార్లు గుణించండి. రూల్ సరిగ్గా పనిచేస్తుంటే రెండుచోట్లా ఇంచుమించు ఒకే అంకె రావాలి, పైన సోర్స్‌కి అది 1,00,000.

దూరం వెళ్ళేకొద్దీ ఆ అంకె తగ్గుతోందంటే మీరు అనుకున్నదానికన్నా సోర్స్ మీకు దగ్గరగా ఉన్నట్టు. దాదాపు ఎప్పుడూ జరిగేది ఏంటంటే టేప్ కెమెరా (సోర్స్ ఉండే షీల్డ్ పెట్టె) దగ్గర నుంచి పట్టారు, సోర్స్ మాత్రం గైడ్ ట్యూబ్ (సోర్స్ బయటికి వెళ్ళే గొట్టం) చివర ఉంది. 5 మీటర్లు ఇటువైపుకి వచ్చి ఉందనుకోండి, మీరు 105 మీటర్లు అనుకున్నచోట 10 వస్తుంది, 55 అనుకున్నచోట 40 వస్తుంది, గుణిస్తే ఒకటి 1,10,000 ఇంకోటి 1,21,000. పెద్ద తాడుకి ఈ తేడా చిన్నదే, కానీ కాలిమేటర్ పెట్టి తాడుని 20 మీటర్లకి తెచ్చుకున్న రోజు అదే 5 మీటర్ల పొరపాటు 10ని దాదాపు 18 చేసేస్తుంది. టేప్ ఎప్పుడూ సోర్స్ ఆగే చోటు నుంచే పట్టండి, అదీ సోర్స్ కెమెరాలో లాక్ అయి ఉన్నప్పుడే.

దూరం వెళ్ళేకొద్దీ అంకె పెరుగుతోందంటే స్కాటర్. వెనక ట్యాంక్ ప్లేటు, కాంక్రీట్ గోడ, షెడ్ పైకప్పు, వీటి మీద పడి తిరిగొచ్చేది ఫార్ములాలో ఉండదు. మణలి వైపు ఒక యార్డ్‌లో నాకు 10 రావాల్సినచోట 16 వచ్చింది, హెల్పర్ తమ్ముడు మీటర్ని చేత్తో తడుతున్నాడు, మీటర్ ఏం తప్పు చెప్పలేదు, వెనకున్న పెద్ద షెల్ నుంచి వస్తోంది అది. ఇలాంటప్పుడు మళ్ళీ లెక్క వేస్తూ కూర్చోవద్దు, 10 వచ్చేదాకా తాడు వెనక్కి జరపండి.

పదింతలు తేడా

మీటర్ యూనిట్ చూడండి. పాత మీటర్లు మిల్లీరాంట్జెన్‌లో ఉంటాయి, 1 మిల్లీరాంట్జెన్ అంటే సుమారు 10 మైక్రోసీవర్ట్. ముల్లు 1 మీద ఉంటే 1 మైక్రో అనుకుని తాడు దగ్గరికి తెచ్చేసినవాళ్ళని చూశాను.

రీడింగ్ తక్కువ వస్తోంది

సంతోషపడకండి. సోర్స్ చార్ట్‌లో తేదీ చూడండి, ఇరిడియం సుమారు 74 రోజులకి సగం అవుతుంది, 20 క్యూరీ కాస్తా 10 అవుతుంది, అయితే తాడు సగానికి రాదు, 71 మీటర్లకే వస్తుంది. 50 కావాలంటే ఇంకో 74 రోజులు ఆగాలి. చార్ట్ సరిగ్గానే ఉండి, కాలిమేటర్ లేకపోయినా రీడింగ్ తక్కువంటే బ్యాటరీ చెక్ చేయండి. కొన్ని జీఎం (గైగర్-ముల్లర్) ట్యూబ్ మీటర్లు డోస్ మరీ ఎక్కువైన చోట ఉక్కిరిబిక్కిరై సున్నా చూపిస్తాయి, ఆ సున్నాని నమ్మితే అంతే.

షాట్ అయిపోయింది, సోర్స్‌ని లోపలికి లాగే క్రాంక్ తిప్పేశారు, మీటర్ మాత్రం దిగట్లేదు

సోర్స్ బయటికి వెళ్ళేటప్పుడూ లోపలికొచ్చేటప్పుడూ రీడింగ్ ఒక్కసారి ఎగరడం మామూలే, ట్యూబ్‌లో దానికి షీల్డింగ్ ఉండదు. క్రాంక్ పూర్తిగా తిప్పాక కూడా దిగకపోతే సోర్స్ ఇరుక్కుంది. అదే 20 క్యూరీలు 1 సెంటీమీటర్ దూరంలో ఉంటే 1 మీటర్ దగ్గర ఉన్నదానికి 10,000 రెట్లు, సెకనుకి పావు సీవర్ట్ పైనే. వేళ్ళకి ఏడాది లిమిట్ 500 మిల్లీసీవర్ట్, అది దాదాపు 2 సెకన్లలో అయిపోతుంది. ట్యూబ్ పట్టుకుని ఊపడం, వేలితో నొక్కి చూడడం లాంటివి చెయ్యకండి, కాంట్రాక్టర్ ఎంత తొందరపెట్టినా సరే. తాడు అవతలికి వచ్చేసి, మీటర్ చూస్తూ తాడుని ఇంకా వెనక్కి జరిపి, ఆర్‌ఎస్‌ఓకి ఫోన్ చేసి, ఆయన వచ్చేదాకా నాలుగు పక్కలా మనిషిని నిలబెట్టండి.