సిరీస్ వదలలేకపోతున్నారా? ఎపిసోడ్ మధ్యలో ఆపండి

‘ఈ ఒక్క ఎపిసోడ్ చూసి పడుకుంటా’ అనుకుని తెల్లవారుజామున మూడింటిదాకా కూర్చునేవాళ్లకు ఈ చిట్కా. ఎపిసోడ్ అయిపోయాక ఆపాలని చూడకండి, అక్కడ ఆపడం చాలా కష్టం. చివరి రెండు నిమిషాలు రాసేదే మనల్ని కదలనివ్వకుండా ఉంచడానికి. తలుపు చప్పుడవుతుంది, ఆమె వెనక్కి తిరిగి చూస్తుంది, టక్కున పేర్లు పడిపోతాయి. ఆ టెన్షన్‌లో టీవీ ఎవరు కట్టేస్తారు?

తర్వాతి ఎపిసోడ్ ఒక పది పదిహేను నిమిషాలు చూడండి. చాలాసార్లు ఆ ముడి అక్కడే విడిపోతుంది, కథ కాస్త నెమ్మదిస్తుంది. రిమోట్ అందుకోవాల్సింది అప్పుడే. మర్నాడు ఆపిన చోటి నుంచే మొదలుపెట్టొచ్చు.

ఆటోప్లే కూడా తీసేయండి. నెట్‌ఫ్లిక్స్‌లో అయితే మీ ప్రొఫైల్‌లోని ప్లేబ్యాక్ సెట్టింగ్స్‌లో ఉంటుంది. తర్వాతి ఎపిసోడ్‌ను మనమే నొక్కాల్సి వస్తే ఆలోచించుకోవడానికి ఒక క్షణం దొరుకుతుంది.

మెల్‌బోర్న్ యూనివర్సిటీ పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకే సిరీస్‌ను ఏకబిగిన చూసినవాళ్లకు మర్నాడు కథ బాగానే గుర్తుంది, కానీ వారానికొకటి చూసినవాళ్లకంటే త్వరగా మరిచిపోయారు. ఇంకో విషయం, ఆస్వాదించింది కూడా వాళ్లే తక్కువట!

అలాగని అన్నీ వారానికొకటే చూడక్కర్లేదు. హంతకుడెవరో ఊహించే కథకు ఆ ఎదురుచూపు బాగుంటుంది. పాత్రలు మరీ ఎక్కువుంటే మాత్రం వారంలో ఎవరు ఎవరో మరిచిపోతాం, వాటికి రోజుకొకటి నయం.