మినీ బైక్ లాంటి చిన్న ఇంజిన్ బండికి టార్క్ కన్వర్టర్ (వేగాన్ని బట్టి గేరు నిష్పత్తి తనంతట తానే మార్చే బెల్ట్-పుల్లీ కిట్) కొనేముందు, బిగించేముందు
- ముందు ఇంజిన్ షాఫ్ట్ వ్యాసం కొలవండి. 30 సిరీస్ (చిన్న సైజు) కిట్లు ఎక్కువగా 3/4 అంగుళానికి వస్తాయి, 1 అంగుళానివీ ఉన్నాయి. షాఫ్ట్ కీవే (కీ కూర్చునే గాడి) ఉన్న తిన్ననిదై ఉండాలి. టేపర్ (కొసకు సన్నబడే) షాఫ్ట్‌కు ఇవి పట్టవు.
- సుమారు 8 హార్స్‌పవర్ దాకా 30 సిరీస్ చాలు. అంతకు మించితే 40 సిరీస్ (పెద్ద సైజు) చూడండి. చిన్నది పెడితే బెల్ట్ జారుతుంది, కాలుతుంది.
- స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం) మీ చైన్ సైజు నంబరుదేనా? 35 చైన్‌కు 41 స్ప్రాకెట్ పనికిరాదు. 420కీ 41కీ పిచ్ (చైన్ పిన్నుల మధ్య దూరం) ఒకటే, అర అంగుళం.
- బ్యాక్‌ప్లేట్ (కిట్‌ను ఇంజిన్‌కు బిగించే పలక) ఫ్రేమ్‌కు, ఎగ్జాస్ట్‌కు తగులుతుందేమో చూడండి. మినీ బైక్‌లో చిక్కంతా ఇక్కడే.
- పని మొదలుపెట్టే ముందు స్పార్క్ ప్లగ్ వైరు పీకేయండి.
- 30 సిరీస్ బెల్ట్‌కు ఒక పక్క నిటారుగా, రెండో పక్క ఏటవాలుగా ఉంటుంది. నిటారు పక్క ఇంజిన్ వైపు. తిరగేసి వేస్తే త్వరగా అరిగిపోతుంది.
- పుల్లీ ముఖాలకు నూనె, గ్రీజు అంటకూడదు.
- బెల్ట్ లేకుండా ఇంజిన్ రేజ్ చేయొద్దు, డ్రైవర్ పుల్లీ (ఇంజిన్ షాఫ్ట్ మీది పుల్లీ) పాడవుతుంది. కవర్ లేకుండా నడపనే వద్దు: తెగిన బెల్ట్ నేరుగా కాలికి తగులుతుంది.