జపాన్‌కి కొద్ది వారాల పరిచర్యకి వెళ్లేవాళ్లు ఎలా సిద్ధపడాలి

జపాన్‌లో రెండు వారాలో, నెలో పరిచర్య చేసి రావాలని టీమ్‌గా బయలుదేరేవాళ్లకి ముందుగా చెప్పాల్సింది ఒకటుంది. అక్కడ సువార్త పని స్థానిక సంఘానిది, మీరు వాళ్లకి చేదోడుగా వెళ్తున్నారు. ఆ కాపరి ఏళ్ల తరబడి ఒక్కో ఇంటితో పెంచుకున్న స్నేహం ఉంటుంది, మీరు వచ్చి వెళ్లాక ఆ స్నేహం ఇంకాస్త గట్టిపడాలి తప్ప ఆయన పదిమందికీ క్షమాపణలు చెప్పుకుంటూ తిరిగే పరిస్థితి రాకూడదు. మీ సిద్ధపాటంతా దీన్నిబట్టే ఉండాలి.

జపాన్ జనాభాలో క్రైస్తవులు, కాథలిక్కుల్ని కలుపుకున్నా, సుమారు 1 శాతం. ఆదివారం ఇరవై ముప్పై మంది కూడుకునే సంఘాలు చాలా ఉన్నాయి, వాళ్లలోనూ వయసు మళ్లినవాళ్లే ఎక్కువగా కనిపిస్తారు, కొన్ని సంఘాలకి కాపరే లేడు. అలాంటి చోటికి పదిమంది దిగి "మా కోసం ఏం ప్రోగ్రామ్ పెట్టారు?" అంటే వాళ్లకి ఎంత భారమో ఆలోచించండి. అందుకే టికెట్లు కొనకముందే కాపరికి రాసి, మీకు నిజంగా ఏం అవసరం అని అడగండి. ఇంగ్లిష్ మాట్లాడే తరగతి, పిల్లల వేసవి క్యాంపు, క్రిస్మస్ కచేరీ అని చెప్పొచ్చు, లేదా చర్చి వెనక కలుపు తీయాలి అనొచ్చు. ఏది చెప్పినా సంతోషంగా ఒప్పుకోండి. తేదీలూ వాళ్లనే ఎంచమనండి. ఆగస్టు మధ్యలో ఒబోన్‌కి, అంటే పోయిన పెద్దల్ని తలుచుకునే పండక్కి, చాలామంది సొంతూళ్లకి పోతారు, ఏప్రిల్ చివర నుంచి మే మొదటి వారం దాకా వరుస సెలవులు. క్రిస్మస్‌కి మాత్రం క్రైస్తవులు కానివాళ్లు కూడా చర్చి గడప తొక్కుతారు.

కాస్త చరిత్ర చదవకుండా వెళ్లకండి. 1549లో ఫ్రాన్సిస్ జేవియర్ కగోషిమాలో దిగాడు. 1597లో నాగసాకిలో 26 మందిని సిలువ వేశారు, 1614లో క్రైస్తవాన్ని దేశమంతటా నిషేధించారు. అనుమానం వచ్చినవాళ్లతో యేసు, మరియ బొమ్మల్ని కాలితో తొక్కించేవారు. అయినా కొన్ని కుటుంబాలు రెండు వందల ఏళ్లకు పైగా రహస్యంగా విశ్వాసాన్ని కాపాడుకుని, 1865లో నాగసాకిలోని ఓవురా చర్చికి వచ్చి అక్కడి ఫ్రెంచి పాదిరీకి తామెవరో చెప్పుకున్నాయి. నిషేధపు బోర్డులు తీసింది 1873లో. అంటే మీరు అడుగుపెట్టే నేల మీద మీకంటే ఎంతో ముందే సాక్షులు ప్రాణాలిచ్చారు, "ఇక్కడ సువార్త లేదు, మేం తెచ్చాం" అనే మాట నోట రాకూడదు.

ఇప్పటి జనం మతమంటే జంకడానికి కారణాలు దగ్గరి కాలంవి. 1995లో ఓమ్ షిన్రిక్యో అనే కల్ట్ టోక్యో మెట్రో రైళ్లలో సారిన్ విషవాయువు వదిలింది. 2022లో మాజీ ప్రధాని షింజో అబేని కాల్చి చంపిన వ్యక్తి, తన తల్లి యూనిఫికేషన్ చర్చ్‌కి (కొరియాలో పుట్టిన ఒక మత సంస్థ) ఇచ్చిన భారీ విరాళాల వల్ల కుటుంబం చితికిపోయిందని చెప్పాక, దేశమంతా దాని గురించే మాట్లాడుకుంది. కాబట్టి ముక్కూమొహం తెలియని విదేశీయుడు తలుపు తట్టి దేవుడి మాట ఎత్తితే తలుపు మూసుకుంటుంది. అది ద్వేషం కాదు, జాగ్రత్త. కరపత్రం మీద సంఘం పేరు, అడ్రస్, ఫోన్ నంబరు, కూడిక ఎన్నింటికి ముగుస్తుంది, డబ్బు కట్టాలా అక్కర్లేదా అన్నీ స్పష్టంగా ఉండాలి. యూనిఫికేషన్ చర్చ్‌తో మాకు సంబంధం లేదని చాలా సంఘాలు ప్రత్యేకంగా అచ్చువేస్తాయి. కరపత్రాలు వద్దని బోర్డు ఉన్న పోస్టు డబ్బాలో ఒక్కటి కూడా వేయకండి. ఆ బోర్డు ఎలా ఉంటుందో సంఘంవాళ్లనడిగి ఫోన్‌లో ఫోటో పెట్టుకోండి. రోడ్డు మీద పంచాలంటే పోలీసుల అనుమతి అవసరం పడొచ్చు, స్టేషన్ ఆవరణ అయితే రైల్వేవాళ్లని అడగాలి, ఆ సంగతి కాపరికే వదిలేయండి.

ఇక సాక్ష్యం. ఎక్కువ సమయం దీని మీదే పెట్టండి. "పాపంలో నశించిపోతున్న నన్ను ప్రభువు తన రక్తంతో కడిగాడు" అంటే మన సంఘంలో అందరూ ఆమెన్ అంటారు. బైబిల్ ఎప్పుడూ తెరవని పెద్దాయన చెవిన పడేది నేరం, రక్తం, అంతే. దాని బదులు జరిగింది జరిగినట్టు చెప్పండి. "నాన్న పోయాక నాకు నిద్ర పట్టేది కాదు. ఎవరికీ చెప్పుకోలేకపోయాను. ఒక స్నేహితుడు వచ్చి ఒక కీర్తన చదివాడు. ఆ రాత్రి మొదటిసారి దేవుడితో మాట్లాడాను." ఇలాంటి చిన్న వాక్యాలైతే అనువదించేవాళ్లకి సులువు, వినేవాళ్లకి అందుతుంది. సిలువ గురించి చెప్పొద్దని కాదు, తప్పకుండా చెప్పాలి. కానీ ఏథెన్సులో పౌలు చేసినట్టు అన్నిటినీ సృష్టించిన దేవుడు ఒకడున్నాడు అన్న దగ్గర మొదలుపెట్టండి, ఎందుకంటే చాలామందికి ఆ మాటే కొత్త. అనువాదంతో ఐదు నిమిషాలది పది నిమిషాలవుతుంది, కాబట్టి సగానికి కుదించి, రాసి, ముందుగానే పంపండి. వచనాల అధ్యాయం, సంఖ్య ఇస్తే వాళ్లు తమ బైబిల్లోంచే చదువుతారు.

చెప్తున్నప్పుడు ఎవరూ ఆమెన్ అనరు, మొహాల్లో ఏ కదలికా కనిపించదు. టెన్షన్ పడకండి, వాళ్లు వినే పద్ధతి అది. ప్రభువుని అంగీకరించేవాళ్లు చేతులెత్తండి అని అడగడం మాత్రం మానుకోండి. దూరం నుంచి వచ్చిన అతిథి నొచ్చుకుంటాడేమోనని మొహమాటానికి ఎత్తేవాళ్లుంటారు, వాళ్లు మళ్లీ చర్చివైపు రారు. అసలు మాటలు ఆరాధన అయ్యాక టీ దగ్గరా భోజనం దగ్గరా నడుస్తాయి. ఆ టైములో మీ టీమ్ ఒక మూల చేరి సొంత భాషలో కబుర్లు చెప్పుకోకుండా ఒక్కొక్కరూ ఒక్కో బల్ల దగ్గర కూర్చోండి.

చాలా ఇళ్లలో బుత్సుదాన్ ఉంటుంది, అంటే పోయిన పెద్దల కోసం పెట్టుకున్న చిన్న బౌద్ధ పీఠం. బాప్తిస్మం తీసుకోవాలనుకునేవాళ్లకి ఇంట్లో గొడవ చాలాసార్లు దీని దగ్గరే మొదలవుతుంది: దీన్ని ఇక ఎవరు చూసుకుంటారు, సమాధి సంగతేంటి, అంత్యక్రియల్లో సాంబ్రాణి వేయాలా వద్దా. దాని ముందు నిలబడి విగ్రహారాధన మీద ప్రసంగం చేయకండి. అక్కడ ఫోటోలో ఉన్నది ఆ ఇంటావిడ అమ్మ. "మీ అమ్మగారు ఎలాంటి మనిషి?" అని అడిగి శ్రద్ధగా వినండి. మా అమ్మ ఇప్పుడు ఎక్కడుంది అని మిమ్మల్ని అడిగితే, న్యాయం తప్పని దేవుడి చేతిలో ఉందని చెప్పి, మిగతాది కాపరితో మాట్లాడమనండి, ఆ ఇంటితో ముందు ముందు నడిచేది ఆయన.

మర్యాదలు వారంలో అలవాటవుతాయి: గుమ్మంలో బూట్లు విప్పడం, తతామి చాపల మీద చెప్పుల్లేకుండా నడవడం, టాయిలెట్ చెప్పులు అక్కడే వదిలిరావడం, రైల్లో ఫోన్ మాట్లాడకపోవడం, అన్నంలో తినే పుల్లలు (చాప్‌స్టిక్స్) నిలువుగా గుచ్చకపోవడం. టైమ్ మాత్రం వేరే సంగతి, తొమ్మిదికి అంటే తొమ్మిదికి ఐదు నిమిషాల ముందే అక్కడుండాలి. ఆలస్యమయ్యేలా ఉంటే రెండు నిమిషాలైనా సరే కబురు పెట్టాలి. మీ పరిచయం జపనీస్‌లో చెప్పడం బాగా సాధన చేయండి, హిరగానా అనే జపనీస్ లిపి చదవడం వస్తే పాటల పుస్తకం చూసి వాళ్లతో కలిసి పాడొచ్చు.

వీసా విషయంలో వెళ్లే పని ఉన్నదున్నట్టు రాయండి, ఏ కేటగిరీ అనేది ఆహ్వానించే సంఘం ద్వారా, ఎంబసీ ద్వారా ముందే తేల్చుకోండి. స్వల్పకాల వీసా మీద జీతం తీసుకునే పని చేయకూడదు. సూడోఎఫెడ్రిన్ 10 శాతం దాటిన జలుబు మాత్రలు అక్కడ నిషేధం, కాబట్టి మందుల అట్ట మీద పేర్లన్నీ చూసుకోండి. మాంసంతో చేసిన తినుబండారాలు బ్యాగులో పెట్టకండి. అంబులెన్స్‌కి 119, పోలీసులకి 110, అందరి ఫోన్లలో ఉండాలి.

తిరిగొచ్చాక రాసే రిపోర్టు కూడా సిద్ధపాటులో భాగమే, బయలుదేరే ముందే టీమ్ అంతా దీని మీద ఒక మాట అనుకోవాలి. అనుమతి లేకుండా ఎవరి ఫోటో, ముఖ్యంగా పిల్లలది, ఫేస్‌బుక్‌లో పెట్టొద్దు. తను చర్చికి వస్తున్నట్టు ఇంట్లో ఇంకా చెప్పని అమ్మాయి అందులో ఉండొచ్చు. "చీకటి దేశం" లాంటి మాటలు రాయొద్దు, మీ పోస్టు వాళ్లూ అనువాదం చేసుకుని చదువుతారు. మీతో బైబిల్ గురించి మాట్లాడినవాళ్ల పేర్లు, వాళ్లు ఒప్పుకుంటే, బయలుదేరేలోపే కాపరికి ఇవ్వండి. డిసెంబరులో సంఘానికి చేత్తో రాసిన క్రిస్మస్ కార్డు పంపండి. వాళ్ల కొత్త సంవత్సరం కార్డులు ఆ ఏడాది చావు జరిగిన ఇంటికి పంపకూడదు, ఎవరింట్లో ఏం జరిగిందో మీకు తెలియదు కాబట్టి క్రిస్మస్ కార్డే మేలు.