నెట్‌వర్కింగ్ పరీక్షకి కంప్యూటర్ నెట్‌వర్క్ కేబుల్ నంబర్లు కలిసిపోతున్నాయా?
పట్టిక ముందేసుకుని బట్టీ కొడితే పరీక్ష హాల్లో అన్నీ కలగాపులగం అవుతాయి, నాకదే అయింది. ముందు 100 మీటర్లు గుర్తుపెట్టుకోండి, రాగి కేబుల్‌కి మామూలు హద్దు అదే. ఇక క్యాట్ (కేటగిరీ, అంటే కేబుల్ రకం) తేడాలు: క్యాట్5ఈకి సెకనుకి 1 గిగాబిట్ వేగం, క్యాట్6 మీద 10 గిగాబిట్లు కావాలంటే 55 మీటర్ల దగ్గరే ఆగాలి, 6ఏ అయితే 100 మీటర్లూ లాగేస్తుంది. క్యాట్8కి 40 గిగాబిట్లు, కానీ 30 మీటర్లే.

కేబుల్ లోపలి తీగల రంగుల వరస చదివితే రాదు. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ వైపు వెళ్లినప్పుడు ఏదైనా కంప్యూటర్ షాపులో మీటరు పొడవు కేబుల్ ముక్క అడిగి తెచ్చుకుని, పైతొక్క ఒలిచి, మెలికలు విప్పి వేళ్లతో పేర్చండి. 568బీ (కనెక్టర్‌లో తీగలు పేర్చే ఒక ప్రామాణిక పద్ధతి) వరస: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఆకుపచ్చ జత మధ్యలో నీలం జత దూరుతుంది చూడండి, నన్ను ముంచింది అదే. రెండో పద్ధతి 568ఏకి నారింజ, ఆకుపచ్చ జతలు తారుమారు చేస్తే చాలు.