గోల్డ్‌ఫిష్ ఇక కోలుకోదనిపిస్తే

పొట్ట ఉబ్బి, పొలుసులు నిక్కబొడుచుకోగానే ఆశ వదులుకోకండి. ముందు చేపను విడి తొట్టిలోకి మార్చి, అక్వేరియం నీళ్లలో అమోనియా ఎంతుందో టెస్ట్ చేయండి. చాలాసార్లు గొడవంతా అక్కడే ఉంటుంది. మందు వేస్తున్నా రోజుల తరబడి మేత ముట్టకుండా, పక్కకు ఒరిగిపోయి రొప్పుతూ ఉంటే మాత్రం ఇంకా లాగడం దానికి నరకం. చేపల్ని చూసే వెటర్నరీ డాక్టర్ దొరికితే అదృష్టమే, అడగండి. లేదంటే బాధ లేకుండా ప్రాణం పోయేలా చేయడానికి లవంగ నూనె. చేప ఉన్న నీటికి లీటరుకు సుమారు 0.4 మి.లీ. లెక్కన తీసుకుని, కాసిని గోరువెచ్చని నీళ్లతో సీసాలో బాగా గిలకొట్టి, కొద్దికొద్దిగా కలపాలి. మొప్పల కదలిక ఆగాక కూడా అరగంట అందులోనే ఉంచండి. ఫ్రీజర్, టాయిలెట్ ఫ్లష్ అసలొద్దు. చెరువులో వదిలితే రోగం అక్కడి చేపలకూ పాకొచ్చు.