రెయిడ్ అమరికలను పోల్చే ముందు జాగ్రత్తలు

పర్లాకిమిడి, గుణుపురం వైపు పెళ్లి వీడియోలు భద్రపరిచే స్టూడియోవారు రెయిడ్ (పలు డిస్కులను కలిపి ఒకటిగా వాడే పద్ధతి) అమరికలను పోల్చదలిస్తే, కొత్త అమరిక కట్టగానే డిస్కుల్లోని పాత సమాచారం పోతుంది కనుక, ముందుగా దాని నకలును వేరే డిస్కులోకి ఎక్కించి, రెండు మూడు ఫైళ్లు తెరిచి చూసుకోవాలి.

4 టెరాబైట్ల డిస్కులు నాలుగుంటే రెయిడ్ 5లో 12 టెరాబైట్లు, రెయిడ్ 6లోనూ రెయిడ్ 10లోనూ 8 చొప్పున వాడకానికి మిగులుతాయి. అయితే రెయిడ్ 6 ఏ రెండు డిస్కులు పోయినా తట్టుకుంటుంది గాని, రెయిడ్ 10లో డిస్కులు ఒకదానికొకటి నకలుగా జంటలుగా ఉంటాయి కనుక, ఒకే జంటలోని రెండూ పోతే సమాచారం దక్కదు. వేగం సంగతి దీని తరువాతే చూడాలని నా అభిప్రాయం.

తొలి సింక్ (కొత్త అమరిక కట్టాక డిస్కులన్నీ ఒకదానితో ఒకటి సరిపోయేలా సర్దుకోవడం) పూర్తికాకముందు వేగం కొలవరాదు. పరీక్ష ఫైలు ర్యామ్ కంటే పెద్దదిగా ఉండాలి, లేకుంటే వచ్చే అంకె ర్యామ్‌దే అవుతుంది. గాలివానకు కరెంటు పోయే ఊళ్లలో యూపీఎస్ లేనిదే రైట్ క్యాష్ (రాయాల్సిన సమాచారాన్ని డిస్కుకు చేరేముందు తాత్కాలిక మెమరీలో ఉంచే ఏర్పాటు) ఆన్ చేయరాదు.